చిక్కు ప్రశ్నలు – మాటల మెలికలు

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ కలగలిపి – ఇదీ మా ఊళ్ళ తీరు. ఈ ప్రసంగం వింటున్న మీలో చాలామంది ఇళ్ళల్లోనూ ఇంతే. కన్నడం బదులు కొందరికి తమిళం, కొందరికి ఒడియా, కొందరికి మరాఠీ. ఇలా రెండు భాషల నడుమ పెరిగినవాళ్ళకి ఒక సంగతి చిన్నప్పుడే అనుభవానికి వస్తుంది. చెవికి వినబడే మాట ఒకటే అయినా అర్థం ఒకటే కానక్కర్లేదు.

"అవసరం" అనే మాటనే తీసుకోండి. మనకి అవసరం అంటే అక్కర, కావలసి ఉండడం. కన్నడంలోనూ తమిళంలోనూ అదే మాటకి తొందర అని అర్థం. ఒక కన్నడం షావుకారు దగ్గర తెలుగు రైతు అప్పు తీసుకున్నాడనుకోండి. తీర్చడానికి పోతే షావుకారు "అవసర ఇల్ల" అన్నాడు. తొందరేం లేదు, నిదానంగా ఇద్దువుగాని అని ఆయన భావం. డబ్బు అక్కర్లేదన్నాడని ఈయన సంబరం. ఏడాది తిరిగాక వడ్డీతో సహా లెక్క ముందుకొస్తుంది. తగువు పడేటప్పుడు ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడడం లేదు.

ఒడిషా వైపు పోతే "ఉపన్యాసం" అంటే నవల. మరాఠీలో "రాగ్" అంటే కోపం. "శిక్ష" అనే మాటకి ఒడియాలో చదువు అని అర్థం, మనకి దండన. మా బడి పిల్లలకి ఈ రెండర్థాలూ ఒకటేనని గట్టి నమ్మకం, ముఖ్యంగా లెక్కల పీరియడులో.

రెండు భాషల మధ్య వచ్చే ఇలాంటి చిక్కు త్వరలోనే బయటపడుతుంది. అవతలివాడి భాష వేరని మనకి ముందే తెలుసు కనుక ఒక క్షణం ఆగి అడుగుతాం. ఒకే భాషలో, ఒకే వాక్యంలో, ఒక మాట మొదట ఒక అర్థంతో నిలబడి, మనం చూడనప్పుడు రెండో అర్థానికి జరిగిపోతే మాత్రం పట్టుకోవడం కష్టం. వేల ఏళ్ళుగా ఎవరికీ తేలలేదని పేరుపడ్డ తాత్త్విక ప్రశ్నల్లో కొన్ని ఇలా పుట్టినవే. అన్నీ ఇలాంటివేనని నేను అనను. ఆ తేడా దగ్గరికి తర్వాత వస్తాను.

అందరికీ తెలిసిన ప్రశ్నతో మొదలుపెడదాం. కోడి ముందా, గుడ్డు ముందా? రచ్చబండ మీద ఎదుటివాడి నోరు మూయించడానికి ఇంతకు మించిన ఆయుధం లేదు. సుమారు 1900 ఏళ్ళ కిందట గ్రీకు రచయిత ప్లూటార్క్ కూడా విందులో కూర్చున్న పెద్దమనుషుల చేత ఈ ప్రశ్న మీద వాదింపజేశాడు. మన వాళ్ళు చెట్టు, విత్తు అన్నారు. బీజాంకుర న్యాయం అని దానికి పేరు కూడా పెట్టారు.

ఇందులో మెలిక ఎక్కడుంది? "కోడిగుడ్డు" అనే సమాసంలో ఉంది. మట్టికుండ అంటే మట్టితో చేసిన కుండ. నీళ్ళకుండ అంటే నీళ్ళు పోసుకునే కుండ. రెండు మాటలు పక్కపక్కన కూర్చుంటాయే గాని, వాటి మధ్య సంబంధం ఏమిటో సమాసం చెప్పదు, మనమే ఊహించుకుంటాం. అలాగే కోడిగుడ్డు అంటే కోడి పెట్టిన గుడ్డా, కోడిపిల్ల బయటికి వచ్చే గుడ్డా? మన దొడ్లో రెండూ ఒకటే కాబట్టి ఈ తేడా ఎప్పుడూ అక్కరకు రాదు. మొట్టమొదటి కోడి దగ్గరికి పోయేసరికి రెండూ విడిపోతాయి.

కోడి పెట్టినదే కోడిగుడ్డు అని మీరంటే, కోడి ముందు. కోడిపిల్ల పుట్టేదే కోడిగుడ్డు అంటే, గుడ్డు ముందు. ఎందుకంటే పూర్తిగా కోడి అనదగని ఒక అడవిపక్షి పెట్టిన గుడ్డులోంచి, కాస్త మార్పుతో, కోడి అనదగిన పిల్ల వచ్చి ఉండాలి. ఇక గుడ్డు అంటే ఏ గుడ్డయినా సరే అంటారా, అప్పుడు వాదమే లేదు. చేపలు, కప్పలు, పాకే జంతువులు కోడికంటే కోట్ల ఏళ్ళ ముందు నుంచీ గుడ్లు పెడుతున్నాయి. గుజరాత్‌లో బాలాసినోర్ దగ్గర రైయోలి అనే చోట రాళ్ళుగా మారిన రాక్షసిబల్లుల గుడ్లు దొరికాయి. ఆ రాక్షసిబల్లులు అంతరించి 6 కోట్ల 60 లక్షల ఏళ్ళయింది. మనుషులు కోళ్ళని మచ్చిక చేసుకుని కొన్ని వేల ఏళ్ళు మాత్రమే.

చూడండి, ఒక ప్రశ్నకి మూడు జవాబులు వచ్చాయి. మూడూ తేలికైనవే. మూడు ప్రశ్నల్ని ఒకే మాటలో కట్టేసి ఒక జవాబు అడిగితే మాత్రం బ్రహ్మకి కూడా చెప్పడానికి ఉండదు.

ఇందులో "ముందు" అన్న మాట కూడా తక్కువదేం కాదు. "అంతకు ముందు" అంటే గడిచిపోయిన కాలం. "ముందు ముందు" అంటే రాబోయే కాలం. కన్నడంలో "ముందిన వార" అంటే వచ్చేవారం, తెలుగులో "ముందటి వారం" అంటే పోయినవారం. సరిహద్దు ఊళ్ళలో పెళ్ళి పిలుపుకి పోయినవాళ్ళు వారం పేరు చెప్పి ఊరుకోకుండా తేదీ కూడా చెప్పి రావడం మేలు.

మాటకున్న రెండర్థాలతో ఎదుటివాణ్ణి బోల్తా కొట్టించడాన్ని మన పూర్వులు బాగా గమనించారు. గౌతముడి న్యాయసూత్రాల్లో పదహారు పదార్థాలు చెబుతారు. అందులో ఒకటి "ఛలం". వక్త ఉద్దేశించని అర్థాన్ని పట్టుకుని అతని మాటను ఖండించడం ఛలం. దానికి వాత్స్యాయనుడి భాష్యంలో ఒక కంబళి ఉదాహరణ ఉంది. "నవ" అంటే కొత్త, "నవ" అంటే తొమ్మిది. ఒకడు ఫలానావాడి దగ్గర కొత్త కంబళి ఉందనే ఉద్దేశంతో నవ కంబళి అంటాడు. ఇంకొకడు లేచి, తొమ్మిది ఎక్కడున్నాయి, ఒకటే కదా కనిపిస్తోంది అంటాడు. తెలుగులో కూడా మనం నవధాన్యాలు అంటాం, నవయువకుడు అంటాం. తొమ్మిదిమంది యువకుల కోసం ఎవరూ వెతకరు.

మరో రకం ఛలం లక్ష్యార్థాన్ని పట్టుకునేది. చేలో పిట్టల్ని తోలడానికి మంచె వేస్తాం కదా. మంచెలు కేకలు వేస్తున్నాయి అంటే మంచె మీది మనుషులు అరుస్తున్నారని అర్థం. కర్రలు ఎలా అరుస్తాయయ్యా అని వాదించేవాడు ఛలవాది. ఈ మంచె ఉదాహరణ కూడా ఆ పాత భాష్యంలోదే. సంస్కృతంలో అది మంచం, మన చేలల్లో మంచె.

న్యాయశాస్త్రం ఛలాన్ని ఎదుటివాడు కావాలని చేసే మోసంగా లెక్కపెట్టింది. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది, మనకి మనమే తెలియకుండా చేసుకునే ఛలం. అక్కడ మోసపోయేవాడూ మోసం చేసేవాడూ ఒకడే.

బి.ఎడ్.లో విద్యాతత్త్వం చదివినవాళ్ళకి విలియం జేమ్స్ పేరు తగిలే ఉంటుంది. అమెరికా తత్త్వవేత్త. 1907లో అచ్చయిన "ప్రాగ్మాటిజం" అనే తన ప్రసంగాల పుస్తకంలో ఒక ఉడత కథ చెప్పాడు. కొందరు మిత్రులు కొండల్లో విడిది చేశారు. జేమ్స్ షికారు నుంచి తిరిగి వచ్చేసరికి అక్కడ పెద్ద వాదం నడుస్తోంది. చెట్టు మాను మీద ఒక ఉడత ఉంది. మానుకి అవతలి పక్క ఒక మనిషి. ఉడతని చూద్దామని అతను చెట్టు చుట్టూ తిరుగుతున్నాడు. అతనెంత వేగంగా తిరిగితే ఉడతా అంత వేగంగా మాను మీద అటువైపే జరుగుతోంది. ఎప్పుడూ ఇద్దరికీ మధ్య చెట్టు అడ్డం. అతను చెట్టు చుట్టూ తిరిగాడు, సందేహం లేదు. ఉడత చుట్టూ తిరిగినట్టా, కాదా?

సగంమంది తిరిగినట్టే అన్నారు, సగంమంది కాదన్నారు. జేమ్స్ ఏమన్నాడంటే, చుట్టూ తిరగడం అంటే మీ ఉద్దేశం ఏమిటో చెప్పండి. ఉడతకి ఉత్తరాన, తర్వాత తూర్పున, దక్షిణాన, పడమర వరసగా ఉండి మళ్ళీ ఉత్తరానికి రావడమా? అయితే తిరిగినట్టే. ఉడతకి ఎదురుగా, తర్వాత కుడిపక్క, వెనక, ఎడమపక్క ఉండి మళ్ళీ ఎదురుకి రావడమా? అయితే తిరగలేదు, ఎందుకంటే ఉడత పొట్ట ఎప్పుడూ అతని వైపే ఉంది. ఇది తప్పించుకునే మాట అని వాదం వేడిలో ఉన్న ఒకరిద్దరు అన్నారట. చాలామందికి మాత్రం తగువు చల్లారింది.

ఈ కథలో నాకు పనికొచ్చిన గుర్తు ఒకటుంది. వాదిస్తున్న ఇద్దరికీ ఉడత గురించిగాని, మనిషి గురించిగాని, చెట్టు గురించిగాని తెలియని విషయం ఒక్కటీ లేదు. ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. ఇంకేం చూసినా, ఏ పరికరంతో కొలిచినా, వాళ్ళ తగువు తీరదు. అలాంటప్పుడు తగువు ఉడత మీద లేదు, మాట మీద ఉంది. జీతం రాళ్ళ లెక్క మీద మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటే బీరువా తెరిచి చూసుకోవచ్చు. ఇక్కడ తెరిచి చూడడానికి బీరువా లేదు.

ఇక "అదే" అన్న మాట దగ్గరికి రండి. ఇది చాలా పెద్దపెద్ద ప్రశ్నలకి తల్లి. "మేమిద్దరం ఒకే చీర కట్టుకున్నాం" అని ఇద్దరు ఆడవాళ్ళు అంటే ఎవరూ కంగారు పడరు. ఒకే రంగు, ఒకే నేత, రెండు చీరలు. "నిన్న కట్టిన చీరే ఇవాళా కట్టింది" అంటే అక్కడున్నది ఒక్క చీర. ఒకచోట "అదే" అంటే అలాంటిదే. ఇంకోచోట అచ్చంగా అదొక్కటే. చీరల విషయంలో ఎవరూ తికమక పడరు. ఆత్మ విషయం వచ్చేసరికి పడతారు.

ఇందాక చెప్పిన ప్లూటార్కే ఇంకో ప్రశ్న కూడా మనకి మిగిల్చాడు. ఏథెన్స్ నగరంవాళ్ళు తమ వీరుడు థీసియస్ ఎక్కిన ఓడని ఎన్నో తరాలు కాపాడుకున్నారట. ఒక పలక పుచ్చిపోతే తీసి కొత్త పలక వేసేవారు. అలా మార్చుకుంటూ పోతే అది అదే ఓడా, వేరే ఓడా అని అక్కడి తాత్త్వికులు రెండు పక్షాలయ్యారు. 1655లో ఇంగ్లండు తత్త్వవేత్త హాబ్స్ దీనికి ఇంకో ముడి వేశాడు. తీసేసిన పాత పలకలన్నీ ఒకడు దాచిపెట్టి, వాటితోనే అదే వరసలో ఓడ కడితే, ఇప్పుడు రెండిట్లో ఏది అసలు ఓడ?

ఓడలు మనకి దూరం, కాబట్టి బండిని చూద్దాం. తండ్రి పోతూ పోతూ ఎద్దులబండి పెద్దకొడుక్కి రాసి ఇచ్చాడనుకోండి. పెద్దవాడు ఈ ఏడు చక్రాలు మార్చాడు, పైఏడు ఇరుసు, ఆ పైన కాడి, నొగలు. పారేసిన సామానంతా చిన్నవాడు పోగుచేసి తన దొడ్లో బండి కట్టాడు. నాన్న బండి ఎవరి దగ్గరుంది? పంచాయితీకి వస్తే పెద్దమనుషులు తత్త్వం మాట్లాడరు. ఆస్తిగా వచ్చిన బండి పెద్దవాడిది, ఎన్ని మరమ్మతులు చేసుకున్నా అతనిదే అంటారు. నాన్న చెయ్యి పడిన కర్ర మీద చెయ్యి పెట్టి చూసుకోవాలని చెల్లెలు పుట్టింటికి వస్తే, చిన్నవాడి దొడ్లోకే పోతుంది. ఇద్దరూ "నాన్న బండి" అనే అంటారు. వాళ్ళ మధ్య తగువేమీ లేదు. అసలైనది ఒకటే ఉండి తీరాలి, ఏదో చెప్పు అని పట్టుబట్టినప్పుడే అది చిక్కు ప్రశ్న అవుతుంది.

ఈ మధ్య జరిగిన సంగతే ఇంకొకటి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం పంతొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ప్రవాహం నడుస్తుండగానే ఆ ఖాళీలో తాత్కాలికంగా అడ్డుపలకలు దించి నీళ్ళు ఆపారు. ఆ డ్యాంకి మొత్తం 33 గేట్లు. పాతబడ్డాయి, అన్నీ మార్చాలన్న మాట అప్పుడే వచ్చింది. ముప్పైమూడూ మారితే అది పాత డ్యామేనా అని కాలువ కింద వరి నాటే రైతుని అడిగి చూడండి. నీళ్ళొస్తే అదే డ్యాం అంటాడు. గేటు ఎన్నాళ్ళు ఆగుతుందని లెక్కవేసే ఇంజనీరు కొత్త గేటుని కొత్తదిగానే రాసుకోవాలి, లేకపోతే ప్రాణాలమీదికి వస్తుంది. ఇద్దరి లెక్కా సరైనదే. ఒకరి "అదే" ఇంకొకరికి పనికిరాదు.

బౌద్ధుల మిలిందపన్హలో, గ్రీకు రాజు మిలిందుడు నాగసేనుణ్ణి ఇదే తరహాలో నిలదీస్తాడు. మళ్ళీ పుట్టినవాడు అదే మనిషా, వేరే మనిషా అని. అదీ కాదు, వేరూ కాదు అంటాడు నాగసేనుడు. రాత్రంతా వెలిగిన దీపాన్ని చూపిస్తాడు. మొదటి జామున ఉన్న మంటా చివరి జామున ఉన్న మంటా ఒకటేనా? నూనె వేరు, మంట వేరు. అయినా దీపం ఒక్కటే రాత్రంతా వెలిగింది. పునర్జన్మ ఉందా లేదా అన్నది వేరే సంగతి, ఎవరి నమ్మకం వారిది. "అదే" అన్న మాటకి ఒక్క జవాబు ఇవ్వకుండా ఆ భిక్షువు జాగ్రత్తపడ్డాడే, అది చూడండి.

ఇంతవరకూ చెప్పినవి తీరుబడిగా మాట్లాడుకునే సంగతులు. కోడి ముందయినా గుడ్డు ముందయినా ఎవరి ప్రాణమూ పోదు. ఇప్పుడు చెప్పబోయేది అలాంటిది కాదు.

"జరిగేది జరుగుతుంది." ఈ మాట మన నోట రోజుకి ఎన్నిసార్లు వస్తుందో లెక్కలేదు. నష్టం జరిగిపోయాక ఓదార్పుగా అంటే మంచి మాటే, నేనూ అంటాను. జరగకముందు అన్నప్పుడే ప్రమాదం. వేరుశనగ చేలో పాము కరిచినవాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోదామంటే, ఆయుష్షు ఉంటే ఎలాగూ బతుకుతాడు, లేకపోతే ఎక్కడికి పోయినా దక్కడు అనే పెద్దాయన ప్రతి ఊళ్ళో ఒకరుంటారు.

ఈ వాదం మన ఊళ్ళలో పుట్టింది కాదు. రెండు వేల ఏళ్ళకి పూర్వమే గ్రీకులు దీన్ని సోమరివాదం అన్నారు. రోమ్ నగరపు వక్త సిసిరో క్రీస్తుపూర్వం 44లో విధి గురించి రాసిన గ్రంథంలో దీన్ని ఎత్తుకున్నాడు. చిత్రమేమిటంటే అక్కడి ఉదాహరణ కూడా రోగీ వైద్యుడే. కోలుకోవాలని రాసి ఉంటే వైద్యుణ్ణి పిలిచినా పిలవకపోయినా కోలుకుంటావు. కోలుకోకూడదని రాసి ఉంటే పిలిచినా పిలవకపోయినా కోలుకోవు. కనుక పిలవడం దండగ. వినడానికి ఎక్కడా సందు లేనట్టే ఉంటుంది.

సందు ఉంది. "జరిగేది జరుగుతుంది" అన్న వాక్యానికి రెండర్థాలున్నాయి. ఒకటి, ఏది జరగబోతోందో అది జరుగుతుంది. ఇది తెల్లనిది తెల్లగా ఉంటుందన్నట్టు. కాదనడానికి వీల్లేదు, ఎందుకంటే అందులో చెప్పిందేమీ లేదు. రెండోది, మనం ఏం చేసినా చెయ్యకపోయినా అది జరుగుతుంది. ఇది చాలా పెద్ద మాట, దీనికి రుజువు కావాలి. మొదటి అర్థానికి మనం తల ఊపుతాం. ఊపిన తల దించేలోగా రెండో అర్థం మన చేత ఒప్పించేస్తారు. "ఏం చేసినా" అన్న రెండు ముక్కలు ఎప్పుడు వచ్చి చేరాయో చూసుకోం.

విధిని నమ్మినవాళ్ళలోనే దీనికి జవాబు చెప్పినవాడున్నాడు. క్రిసిప్పస్ అనే గ్రీకు తాత్త్వికుడు. అతను విధిని కాదనలేదు. మిలో అనే మల్లుడు ఒలింపియాలో కుస్తీ పడతాడని రాసి ఉందనుకుందాం అన్నాడు. అప్పుడు, అవతల ఇంకో మల్లుడు ఉన్నా లేకపోయినా కుస్తీ పడతాడని అనగలమా? కుస్తీ రాసి ఉంటే ఎదుటి మల్లుడు కూడా దాంతోపాటే రాసి ఉంటాడు. అలాగే బతకడం రాసి ఉంటే, వైద్యుణ్ణి పిలవడమూ అందులో రాసి ఉండవచ్చు. బండి కట్టడం, దారిలో లారీని ఆపి ఎక్కించడం, అన్నీ ఆ రాతలోవే కావచ్చు. తలరాతని గట్టిగా నమ్మే పెద్దాయనతో దేవుడు లేడని, రాత లేదని వాదించనక్కర్లేదు. "తాతా, సూదిమందు కూడా రాసే ఉంటుందేమో, పోయి చూద్దాం పద" అంటే చాలు. మా వైపు ఈ మాట బాగానే పనిచేస్తుంది.

2000 నుంచి 2019 వరకు మనదేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయి ఉంటారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువమంది పల్లెలవాళ్ళే. అందరూ ఈ ఒక్క వాక్యం వల్లే పోయారని నేననను. దారి దూరం, మందు అందకపోవడం, మంత్రగాళ్ళు, ఎన్నో ఉన్నాయి. విషం ఎక్కినవాడికి విరుగుడు సూదిమందు ఎంత త్వరగా పడితే అంత మేలు. అలాంటి వేళ ఒక అర్థంలేని వాక్యం అరగంట తినేసినా అది చిన్న సంగతి కాదు. ఇవన్నీ ఉత్త మాటల గారడీలు, వీటితో మనకేం పని అనేవారికి నేను చెప్పే జవాబు ఈ అరగంటే.

పరీక్షలు దగ్గరపడ్డాక పదో తరగతి పిల్లలు కూడా ఇదే వాదం తీస్తారు. వాళ్ళకి మిలో కథ చెప్పనక్కర్లేదు. పాసవ్వాలని రాసి ఉంటే హాల్ టికెట్ లేకుండా కూడా పాసవుతావా అంటే నవ్వి ఊరుకుంటారు.

అన్ని చిక్కు ప్రశ్నలూ ఇలా విడిపోవని ముందే అన్నాను. గ్రీకుల్లోనే మిలేటస్ ఊరివాడు యూబులిడీస్ పేరు మీద ఒక ప్రశ్న ఉంది. కల్లంలో వడ్ల కుప్ప ఉంది. ఒక గింజ తీసేస్తే ఇంకా కుప్పేనా? కుప్పే. ఇంకొకటి తీస్తే? ఒక్క గింజతో కుప్ప కుప్ప కాకుండా పోదు కదా. ఇలా తీసుకుంటూ పోతే చివరికి ఒక గింజ మిగులుతుంది, దాన్నీ కుప్ప అనాలి. ఇక్కడ "కుప్ప" అనే మాటకి రెండర్థాలు లేవు. ఒకటే అర్థం, అయితే దానికి గట్టు లేదు. చేనికి గట్టు ఉంటుంది, సాయంకాలానికి ఉండదు. ఇందాకటి కోడి కథలో కూడా, ఏ తరం దగ్గర అడవిపక్షి కోడి అయిందీ అంటే ఈ కుప్ప దగ్గరికే వస్తాం. రెండర్థాల మాటని విడగొట్టవచ్చు. గట్టు లేని మాటకి గట్టు వెయ్యాలి. ఎక్కడ వెయ్యాలో వస్తువు చెప్పదు, మన అవసరం చెబుతుంది – తెలుగు అవసరమే, కన్నడంది కాదు. ఓటు వేసే వయసు 21 ఏళ్ళుగా ఉండేది. 1989లో 18 అయింది. 1988లో పద్దెనిమిదేళ్ళవాడికి లేని బుద్ధి మరుసటి ఏడు పద్దెనిమిదేళ్ళవాడికి వచ్చిందని కాదు. ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి, గీశారు. ఈ కుప్ప ప్రశ్న మీద తర్కం తెలిసినవాళ్ళు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. దీన్ని మాటల మెలిక అని తోసెయ్యడం నాకు ఇష్టం లేదు.

ఇక మన సరిహద్దువాళ్ళ సొంత చిక్కు ప్రశ్న ఒకటుంది. మనం ఎవరం? తెలుగువాళ్ళమా, కన్నడిగులమా?

ఏడో తరగతి అమ్మాయి ఒకతె నన్ను అడిగింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. సెలవులకి అనంతపురం వైపు చుట్టాలింటికి పోతే కన్నడంపిల్ల వచ్చిందంటారు. ఇక్కడేమో తెలుగువాళ్ళంటారు. "మరి నేను ఎవర్ని సార్?" అంది. నవ్వి పంపించే ప్రశ్న కాదది. ఆ వయసులో అది లోపల గుచ్చుకుంటుంది.

ఈ ప్రశ్న వల్ల పెద్దవాళ్ళే నలిగారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి. బళ్ళారి తాలూకా ఎవరిదన్న తగువు తీర్చడానికి మిశ్రా కమిషన్ వేశారు. ఆ తాలూకా మైసూరులో కలిసింది. "ఎవరిది" అన్న ఒక్క మాటలో ఎన్ని ప్రశ్నలు ఇమిడి ఉన్నాయో చూడండి. ఎక్కువమంది ఇంట్లో ఏ భాష? సంతలో ఏ భాష? కచేరీ పనులకి ఏ ఊరు దగ్గర? ఒక్కో ప్రశ్నకి ఒక్కో జవాబు రావచ్చు. చుట్టూ ఆంధ్రదేశం ఉన్న యానాంవాళ్ళని అడగండి. భాష తెలుగు, పాలన పుదుచ్చేరిది. మీరు ఎక్కడివాళ్ళు అంటే వాళ్ళు ఏది చెప్పినా నిజమే.

ఆ అమ్మాయి ప్రశ్నని నేను నల్లబల్ల మీద నాలుగు ముక్కలు చేశాను. మీ అమ్మ చిన్నప్పుడు నీతో ఏ భాష మాట్లాడింది? తెలుగు. నువ్వు ఏ భాషలో చదువుకుంటున్నావు? కన్నడం. నువ్వు ఏ రాష్ట్రంలో ఉంటున్నావు? కర్ణాటక. మీ తాతల ఊరు ఏది? మడకశిర దగ్గర. కన్నడిగ అంటే కొందరు కన్నడం ఇంటిభాషగా ఉన్నవాళ్ళంటారు, కొందరు కర్ణాటకలో ఉండేవాళ్ళందరూ అంటారు. నిన్ను కన్నడంపిల్ల అన్న చుట్టాలు రెండో అర్థంలో అన్నారు, తెలుగుపిల్ల అన్న ఇరుగుపొరుగు ఇంటిభాష చూసి అన్నారు. నాలుగు జవాబుల్లో ఏ ఒక్కటీ ఇంకోదాన్ని కొట్టెయ్యడం లేదు.

ఇందులో ఒక్క ప్రశ్న మాత్రం కాగితం మీదికి ఎక్కుతుంది. జనాభా లెక్కల్లో మాతృభాష అంటే ఏమిటో ఖచ్చితంగా రాసి ఉంది. చిన్నతనంలో తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష మాతృభాష. పసితనంలోనే తల్లి పోయి ఉంటే, చిన్నప్పుడు ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష. ఉంటున్న రాష్ట్రం ఏది, చదివిన భాష ఏది అన్న ప్రసక్తే లేదు. తెలిసిన ఇతర భాషలు రెండు వరకు చెప్పడానికి వేరే గడి ఉంది. మా ఊళ్ళో చాలామంది కర్ణాటకలో ఉన్నాం కదా అని మాతృభాష దగ్గర కన్నడ అని చెప్పేస్తారు. అక్కడ అడిగింది ఒకటి, వీళ్ళు జవాబు చెప్పింది ఇంకొకటి. కన్నడం మీద ప్రేమతో చెప్పినా, దానికి చోటు పక్క గడిలో ఉంది.

దీనివల్ల పోయేదేమీ లేదనుకోకండి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చెయ్యాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. 1956లో చేర్చారు. ఫలానా ఊళ్ళో తెలుగు చెప్పే పంతులు కావాలని ఎవరైనా అడిగితే, అక్కడ తెలుగు పిల్లలు ఎందరు అన్నదే పైవాళ్ళ మొదటి ప్రశ్న. కాగితం మీద పిల్లలు లేకపోతే పంతులూ ఉండడు, పుస్తకాలూ రావు.

జనాభా లెక్కలవాళ్ళు మీ గడప దగ్గరికి వచ్చినప్పుడు, బడిలో మీ పిల్లల దరఖాస్తు నింపేటప్పుడు, మాతృభాష అన్నచోట మీ అమ్మగారు మీతో ఏ భాష మాట్లాడారో అది రాయించండి. కన్నడం వచ్చు, తమిళం వచ్చు, ఒడియా వచ్చు అని దాని పక్కన గడిలో రాయించండి. ఆ అమ్మాయి తన దరఖాస్తులో తెలుగు అని రాసింది. ప్రథమభాష దగ్గర కన్నడ అని రాసింది. రెండింటికీ మధ్య ఒక గీత కొట్టి, కొట్టేసినట్టు కనబడకుండా మళ్ళీ తుడిపేసింది.